స్లోగా ఉందంటే పని ఎక్కువైందా, ఎదురుచూపా?

పోయిన బుధవారం మధ్యాహ్నం గాజువాక నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. మా దగ్గరే ఏడాదిన్నర డీటీపీ, అంటే కంప్యూటర్‌లో కార్డులు, పేజీలు కూర్చే పని నేర్చుకుని, ఇప్పుడు సొంతంగా షాపు పెట్టుకున్నాడు. "అక్కా, అప్పు చేసి కొత్త సిస్టం కొన్నాను. పాతదాని కంటే స్లోగా ఉంది. రేపెళ్లి ఇంకో ర్యామ్ వేయించేస్తాను" అన్నాడు.

"ఏం చేస్తుంటే స్లోగా ఉందిరా?" అని అడిగాను.

"అన్నీ అక్కా. మొత్తం స్లో."

ఆ గొంతులో ఉన్న కంగారు నాకు బాగా తెలుసు. రెండేళ్ల క్రితం ఆషాఢంలో నేనూ ఇదే మాట, ఇదే గొంతుతో అన్నాను. ఆ రోజు అడగాల్సిన ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను. డిజైన్ పని మీద బతికే మనం "సిస్టం స్లో" అనే మాటతో సరిపెట్టుకున్నంత కాలం, అవసరం లేని పార్టులు కొంటూనే ఉంటాం. ఆ మాటలో రోగం పేరు లేదు. ఎప్పుడు, ఏం నొక్కితే, ఎన్ని సెకన్లు అన్నది చెప్పగలిగితేనే అది ఫిర్యాదు అవుతుంది.

ఆషాఢంలో వచ్చిన కొత్త సిస్టం

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి మాకు ఖాళీ అనుకుంటారు చాలామంది. నిజానికి శ్రావణం ముహూర్తాల శుభలేఖలన్నీ ఆషాఢంలోనే కూర్చోబెట్టాలి. డాబాగార్డెన్స్‌లో మా షాపు చిన్నదే. నేను, మా ఆయన, ఒక కుర్రాడు. 2022 ఆగస్టులో మన విశాఖలోనే ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పటి నుంచి కార్డులు, బ్రోచర్లు, ఆల్బమ్‌ల వైపు ఎక్కువ వెళ్లాం. ఆ పని పెరిగాకే 84,000 పెట్టి కొత్త సిస్టం కొన్నాం. ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ (మామూలు హార్డ్‌డిస్క్ కంటే వేగమైన డ్రైవ్), విడిగా గ్రాఫిక్స్ కార్డు.

మూడో రోజు నుంచి మేం కార్డులు డిజైన్ చేసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్ నరకం చూపించింది. ఐకాన్ నొక్కితే దాదాపు ఒక నిమిషం తెల్ల స్క్రీన్. కార్డులో పెళ్లికూతురి పేరుకి ఫాంట్ మారుద్దామంటే ఆగిపోవడం. ప్రింట్ నొక్కితే ఆగిపోవడం. ఎనిమిదేళ్ల పాత సిస్టంలో ఇవేవీ లేవు. కస్టమర్లు పక్కన కూర్చుని ప్రూఫ్ చూసుకుంటుంటే, స్క్రీన్ మీద గుండ్రం తిరుగుతూనే ఉండేది. టెన్షన్‌తో నాకు చేతులు చెమటలు పట్టేవి.

సిస్టం అమ్మిన షాపువాళ్లకి ఫోన్ చేస్తే వాళ్ల కుర్రాడు వచ్చాడు. ఐదు నిమిషాలు చూసి, "మేడమ్, మీ వర్క్‌కి 16 చాలదు, 32 ఉండాలి" అన్నాడు. మా ఆయన దీన్ని తిరిగిచ్చేసి ఇంకా పెద్దది తెచ్చేద్దామన్నారు. నేను మాత్రం రెండు రోజులు గడువు అడిగాను. అప్పటికి నాకేదో తెలిసి కాదు. పాత సిస్టంలో 8 జీబీతో నడిచిన పని కొత్తదాంట్లో 16తో ఎందుకు నడవదు అన్న ఒక్క ప్రశ్న గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఎవరూ పని చేయకపోతే ఆగిందెక్కడ?

ఆ రాత్రి షట్టర్ దించాక పాత డైరీ, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నాను. కోరల్ తెరవడానికి 52 సెకన్లు. ప్రింట్ నొక్కాక దాని డబ్బా స్క్రీన్ మీదికి రావడానికి 47 సెకన్లు. ఫోటోషాప్ తెరవడానికి 38 సెకన్లు. ఒక్కోదాన్నీ మూడేసి సార్లు కొలిచి రాశాను. రాసుకుంటుంటేనే ఒక విషయం బయటపడింది. నేను "అన్నీ స్లో" అంటూ వచ్చాను గానీ, అన్నీ కాదు. కోరల్‌లో గీతలు గీయడం, బొమ్మలు జరపడం, రంగులు నింపడం చక్కగా నడుస్తున్నాయి. కొన్ని పనుల దగ్గరే, దాదాపు ఒకే అంత సేపు ఆగుతోంది.

తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి సిస్టంలో ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి పక్కన పెట్టుకున్నాను. కోరల్ ఆగిపోయిన ఆ యాభై సెకన్లూ ప్రాసెసర్ 3 శాతం దగ్గర ఉంది. డిస్క్ సున్నా. మెమరీ 40 శాతం దాటలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రాసెసర్ శాతం తక్కువగా ఉందంటే పని లేదని వెంటనే అనుకోకూడదు. మాది 12 థ్రెడ్ల ప్రాసెసర్, అంటే ఒకేసారి 12 వరుసల్లో పని నడపగలదు. సాఫ్ట్‌వేర్ ఒక్క థ్రెడ్ మీదే మొత్తం బరువు వేస్తే, ఆ ఒక్కటీ పూర్తిగా నిండినా పైన కనిపించేది 8 శాతమే. అందుకే గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లు, అంటే ఆ 12 థ్రెడ్లూ విడివిడిగా కనిపించేలా మార్చి చూశాను. అక్కడా ఏదీ నిండలేదు.

అంటే సిస్టం కష్టపడటం లేదు. దేని కోసమో ఎదురుచూస్తోంది.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన సంగతి ఇదే. ఆలస్యం రెండు రకాలు. పని ఎక్కువై అయ్యే ఆలస్యం ఒకటి, ఎదురుచూపు వల్ల అయ్యేది ఇంకొకటి. మొదటిదానికి ర్యామ్, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు మందు కావచ్చు. రెండోదానికి ఎంత డబ్బు పెట్టినా కాదు. ఎన్‌ఏడీ జంక్షన్‌లో ఫ్లైఓవర్ రాకముందు సాయంత్రం పూట ఇరుక్కున్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మన ముందున్న లారీ కదలకపోతే మన బండి ఎంత సీసీ అయితే ఏంటి?

మరి దేని కోసం ఎదురుచూపు? ప్రింట్ నొక్కినప్పుడు ఆగడం నాకు మొదటి ఆనవాలు ఇచ్చింది. కోరల్ తెరుచుకునేటప్పుడూ, పేజీ లెక్కలు చూసుకునేటప్పుడూ విండోస్‌లో డిఫాల్ట్‌గా ఉన్న ప్రింటర్‌ని పలకరిస్తుంది. మా డిఫాల్ట్ ప్రింటర్ ఏదో చూశాను. ప్రూఫ్‌ల కోసం వాడే వైఫై కలర్ ప్రింటర్. కొత్త సిస్టం పెట్టిన రోజు దాన్ని అప్పటి నెట్‌వర్క్ అడ్రస్‌తో కలిపారు. రెండో రోజు రౌటర్ మార్చాం. అడ్రస్ మారిపోయింది. మేం కలర్ ప్రూఫ్‌లు అలవాటుగా పాత సిస్టం నుంచే తీస్తున్నాం కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. కోరల్ మాత్రం ప్రతిసారీ ఆ పాత అడ్రస్‌కి వెళ్లి తలుపు కొట్టి, జవాబు రాక, విసిగి వెనక్కి వస్తోంది.

డిఫాల్ట్‌ని విండోస్‌తో వచ్చే పీడీఎఫ్ ప్రింటర్‌కి మార్చాను. డిఫాల్ట్‌ని విండోసే చూసుకునే ఆప్షన్ కూడా తీసేశాను, లేకపోతే అది మళ్లీ మారిపోతుంది. కోరల్ మూసి తెరిచాను. 11 సెకన్లు. నమ్మకం కుదరక డిఫాల్ట్‌ని మళ్లీ ఆ వైఫై ప్రింటర్‌కే పెట్టి తెరిచాను. 51 సెకన్లు. ఇంకోసారి పీడీఎఫ్‌కి మార్చాను, 11. రాత్రి పదకొండున్నరకి ఖాళీ షాపులో ఒక్కదాన్నే కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. ఆ వారం రోజులూ నేను పడిన అవమానం గుర్తొచ్చింది.

అలా వెనక్కి మార్చి చూడటం చాదస్తంలా అనిపించవచ్చు. కానీ బాగైందని సంబరపడి వదిలేస్తే, ఏది మార్చడం వల్ల బాగైందో ఎప్పటికీ తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక కొలవాలి, తిరగేసి మళ్లీ కొలవాలి. షాపు కుర్రాడు చెప్పినట్టు ర్యామ్ వేయించి, అదే రోజు అతనే ప్రింటర్ కూడా సరిచేసి ఉంటే, నేను ఈ పాటికి అందరికీ "32 లేకపోతే కోరల్ నడవదు" అని చెబుతూ ఉండేదాన్ని. మన లైన్‌లో తిరిగే సలహాల్లో సగం ఇలా పుట్టినవేనని నా గట్టి అనుమానం.

తప్పని తేలిన అనుమానాలు, నిజమైనవి

అన్ని అనుమానాలూ ఇంత బాగా తేలలేదు. సముద్రపు గాలికి తుప్పు, దుమ్ము అని మేం సీపీయూని టేబుల్ కింద అరలో తలుపు వేసి పెట్టాం. వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుందని తెలుసు కాబట్టి, మధ్యాహ్నం ఉక్కలో అదే కారణమని దాదాపు ఒట్టేసినంత నమ్మాను. బయటికి తీసి రెండు రోజులు కొలిచాను. సెకన్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. సీపీయూని బయటే ఉంచాం, అది దాని ఆరోగ్యానికి మంచిది. మా సమస్యకి మాత్రం కారణం అది కాదు.

మానిటర్ కేబుల్ సంగతి వేరు. టాస్క్ మేనేజర్‌లో రెండు జీపీయూలు, అంటే గ్రాఫిక్స్ పని చేసే చిప్‌లు కనిపించాయి. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ పని చేస్తోంది, మేం డబ్బు పెట్టి కొన్న కార్డు సున్నా దగ్గర నిద్రపోతోంది. సీపీయూ వెనక్కి తిప్పి చూస్తే మానిటర్ కేబుల్ పైన మదర్‌బోర్డు పోర్టుకి పెట్టి ఉంది, కింద కార్డు పోర్టులకి ప్లాస్టిక్ మూతలు ఇంకా అలాగే ఉన్నాయి. సిస్టం బిగించినవాళ్లు అలాగే వదిలేశారు. మార్చాక ఫోటోషాప్‌లో జూమ్, కాన్వాస్ జరపడం నునుపుగా వచ్చాయి. కోరల్‌లో మా కార్డుల పనికి ఒక్క సెకను కూడా తగ్గలేదు. ఈ రెండో వాక్యం కూడా చెప్పడం నా బాధ్యత, ఎందుకంటే కేవలం కార్డుల పని చేసేవాళ్లకి గ్రాఫిక్స్ కార్డు అంటగడుతున్నారు.

ఫాంట్ల దగ్గర నా మనసే ఒప్పుకోలేదు. పాత సిస్టం నుంచి ఫాంట్లన్నీ ఎత్తి కొత్తదాంట్లో పోశాం, దాదాపు మూడు వేలు. అవన్నీ సాఫ్ట్‌వేర్ తెరిచేటప్పుడు చదువుకుంటూ రావాలి, ఫాంట్ల జాబితా తెరిస్తే నమూనాలు గీసి చూపించాలి. తీసేయండి అని చెప్పడం తేలికే. కానీ తెలుగు డీటీపీ చేసేవాళ్లకి ఫాంటు అంటే అందం ఒక్కటే కాదు. అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ యూనికోడ్, అంటే ఏ సిస్టంలో అయినా తెలుగుగానే కనిపించే పద్ధతి కాదు. ఆ ఫాంట్ లేని సిస్టంలో ఫైల్ తెరిస్తే తెలుగు ఉండదు, అర్థం కాని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. పదేళ్ల క్రితం అక్క పెళ్లికార్డు వేయించుకున్న ఇంటివాళ్లు ఇప్పుడు చెల్లెలికి "అదే మోడల్ వేయండమ్మా" అని వస్తారు. ఏ ఫాంట్‌ని పారేయను? చివరికి రోజూ వాడే రెండు వందల చిల్లర ఉంచి, మిగిలినవి పేర్ల వారీగా ఫోల్డర్లలో దాచి, పాత ఫైల్ వచ్చినప్పుడు కావాల్సింది మాత్రం ఎక్కించుకునేలా పెట్టుకున్నాం. ఫోటోషాప్ 38 సెకన్ల నుంచి 17కి వచ్చింది. ఇందుకు ఒక ఆదివారం మొత్తం పోయింది.

ఇక కొన్నిసార్లు తప్పు సిస్టంలో ఉండదు, ఫైల్‌లో ఉంటుంది. మా కుర్రాడు ఒక రోజు 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు బట్ట బ్యానర్‌ని అసలు సైజులో 300 రిజల్యూషన్‌తో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్లతో తెరిచి, సిస్టం చచ్చిపోయిందన్నాడు. లెక్క వేసి చూపించాను. 72,000 ఇంటూ 36,000, అంటే 259 కోట్లకి పైగా పిక్సెళ్లు. ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల సీఎంవైకేలో ఒక్కో పిక్సెల్‌కి నాలుగు బైట్లు. ఒక్క లేయర్‌కే 10 జీబీ. ఫోటోషాప్ మామూలు పీఎస్‌డీ ఫైల్ ఒక వైపు 30,000 పిక్సెళ్లు దాటనివ్వదు, పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీలో సేవ్ చేయాలి. అదే 72 రిజల్యూషన్‌లో పెడితే లేయర్ 600 ఎంబీ లోపే. రోడ్డు అవతలి నుంచి చూసే బ్యానర్‌కి అది చాలు. "క్లారిటీ పోతుందని భయపడ్డానండీ" అన్నాడు. వాడి భయంలో తప్పు లేదు, కార్డు పని నేర్పేటప్పుడు 300 తప్పనిసరి అని నేర్పింది నేనే.

మరి పార్టులు కొననే కొనొద్దా?

కొనాల్సి వస్తే కొనాలి. ఆ తర్వాతి చలికాలం పెళ్లి ఆల్బమ్‌లు ఎక్కువ పట్టాం. ఒక్కో షీటు 12 ఇంటూ 36 అంగుళాలు, 300 రిజల్యూషన్‌లో 3.89 కోట్ల పిక్సెళ్లు. మూడు రంగుల ఆర్‌జీబీలో నిండు లేయర్ ఒక్కటి 117 ఎంబీ దాకా ఉంటుంది. పాతిక, ముప్ఫై లేయర్లు, మూడు షీట్లు ఒకేసారి తెరిచి పెట్టుకుంటాం. ఫోటోషాప్ కింద స్టేటస్ బార్‌లో ఎఫిషియెన్సీ అనే అంకె చూపించుకోవచ్చు. అది 100 ఉంటే పనంతా ర్యామ్‌లోనే జరుగుతున్నట్టు, తగ్గితే ర్యామ్ చాలక స్క్రాచ్ డిస్క్ మీదికి, అంటే డ్రైవ్‌లో తాత్కాలికంగా వాడుకునే చోటికి పరుగెడుతున్నట్టు. మాది 70ల్లోకి పడింది. మరుసటి రోజే వెళ్లి ఇంకో 16 స్టిక్కు తెచ్చాను. అప్పటిదాకా ఒకే స్టిక్కు ఉండేది కాబట్టి, రెండోది పెట్టడంతో ర్యామ్‌కి రెండు దారులు తెరుచుకున్నాయి, అదొక లాభం. అంకె 100కి వచ్చింది. షాపు కుర్రాడు ఆషాఢంలో చెప్పిన మందే అది. వేరే జబ్బుకి పనికొచ్చింది.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. రోజుకి ఎన్నో ఫోన్లు, అందరూ చెప్పేది ఒక్కటే, "స్లో". అంతకు మించి సమాచారం లేనప్పుడు అతను కూడా తనకి తెలిసిన, ఎక్కువసార్లు పనిచేసిన మందే చెబుతాడు. చాలామందికి అది సరిపోతుంది కూడా. నా వాదనకి ఇది గట్టి ఎదురు ప్రశ్న అని ఒప్పుకుంటాను.

మా ఆయన ఇంకో మాట అన్నారు, దానికి నా దగ్గర పూర్తి జవాబు ఇప్పటికీ లేదు. "84 వేలు పెట్టి కొన్నది మనం. రాత్రిళ్లు కూర్చుని కొలవాల్సిన ఖర్మ మనకెందుకు?" నిజమే. చీరల కొట్లో రెండు వేల చీరకి కూడా మడత విప్పి, అంచు, పల్లూ చూపించి, వెలుతురులోకి తెచ్చి మరీ ఇస్తారు. సిస్టం మాత్రం డెస్క్‌టాప్ మీద గోడ బొమ్మ చూపించి ప్యాక్ చేసేస్తారు. మన బరువైన ఫైల్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, అక్కడే తెరిపించి చూసి తెచ్చుకోవాలని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అలా అడిగితే కొన్ని షాపుల్లో "సాఫ్ట్‌వేర్లన్నీ మేమే వేసిచ్చేస్తాం మేడమ్" అంటారు. లైసెన్సు లేని కాపీలు అవి. అవి వేయించుకుంటే, ఆగేది సాఫ్ట్‌వేర్ వల్లా, దాన్ని అడ్డుకుంటున్న యాంటీవైరస్ వల్లా అన్నది తేల్చుకునే దారే మూసుకుపోతుంది. మన లైసెన్సుతో మనమే లాగిన్ అయి చూసుకోవాలి. అంత ఓపిగ్గా కూర్చోనిచ్చే షాపు దొరకాలి, దొరికితే ఐదొందలు ఎక్కువైనా అక్కడే కొనాలని నా అభిప్రాయం.

ఓపిక విషయం కూడా చిన్నది కాదు. నాకు ఆ రెండు రాత్రులు దొరికాయి. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, మా అత్తగారు వంట చూసుకున్నారు. ఒక్క చేత్తో షాపు నడిపే మనిషికి ముహూర్తాల సీజన్‌లో రెండు గంటలు కూడా పెద్ద మాటే. అందుకే ఎవరినీ ఇంజినీర్లు అయిపోమని అనను. డైరీలో మూడు ముక్కలు చాలు. ఏం నొక్కాను, ఎన్ని సెకన్లు పట్టింది, అప్పుడు టాస్క్ మేనేజర్‌లో ఏది నిండి ఉంది. ఆ కాగితం చేతిలో ఉంటే షాపు కుర్రాడు కూడా వేరేగా ఆలోచిస్తాడు.

గాజువాక తమ్ముడికి ఆ రోజు ఇదే చెప్పాను. "ర్యామ్‌కి రేపు కాదు, ఎల్లుండి వెళ్దువు గానీ. ఈ రాత్రికి కొలిచి పంపు" అన్నాను. వాడికి నచ్చలేదు, సరే అక్కా అని పెట్టేశాడు. రాత్రి పదిన్నరకి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. శుభలేఖ వెనక వైపు పెన్సిల్‌తో రాశాడు. సిస్టం ఆన్ చేశాక కోరల్ తెరవడానికి 1 నిమిషం 40 సెకన్లు. ఫైల్ సేవ్ 35 సెకన్లు. మెమరీ 45 శాతం. డిస్క్ 100 శాతం, అదీ కదలకుండా. కింద టాస్క్ మేనేజర్ ఫొటో. సి డ్రైవ్ పక్కన హెచ్‌డీడీ అని ఉంది. వాడు డబ్బు పెట్టి కొన్న ఎస్ఎస్‌డీ జాబితాలో రెండోదిగా, ఏమీ రాయని పలకలా ఖాళీగా ఉంది. విండోస్‌ని, సాఫ్ట్‌వేర్లని తీసుకెళ్లి మామూలు హార్డ్‌డిస్క్ మీద వేసిచ్చారు.

ఆ వెంటనే ఫోన్ చేశాడు. "అక్కా, ఎస్ఎస్‌డీ మీదికి మార్చి ఇమ్మని అడగొచ్చా? డబ్బులడుగుతారా?" అన్నాడు. ఆ కాగితం, ఆ ఫొటో, బిల్లు మూడూ పట్టుకెళ్లమన్నాను.